పచ్చరంగు గురువారాలు

ఆ గురువారం కూడా కుటుంబ కేంద్రం గేటుకు తాళమే. బెర్నీ ఒక చేత్తో కేకు డబ్బా పట్టుకుని, రెండో చేత్తో బెల్లు నొక్కుతూ వానలో నిలబడింది. ఆమె కూతురు ఐలాకు ఆవేళ నాలుగేళ్లు నిండాయి. ఊరి పాలన చూసే కౌన్సిల్ ఆ పిల్లను పెంపుడు ఇంట్లో పెట్టి, వారానికి ఒక్క గంట ఈ కేంద్రంలో చూసుకొమ్మని తల్లికి ఇచ్చింది. ఆ గంట కోసమే బెర్నీ వారమంతా ఈడ్చుకొస్తుంది. చివరికి లోపలినుంచి ఒక గొంతు, "సిబ్బంది లేరమ్మా, ఇవాళ్టికి రద్దు" అంది. గేటు మాత్రం తెరుచుకోలేదు.

నా తమ్ముడి కొడుకును చూడ్డానికి నేనూ ఆమె వెనకే నిలబడ్డాను. నా గంటా రద్దే. ఒళ్లు మండిపోయింది.

రద్దయిన గంట కోర్టు కాగితాల్లోకి "కలయిక జరగలేదు" అని వెళ్తుంది. ఎవరివల్ల జరగలేదో అందులో ఉండదు. జడ్జి చదివి ఏమనుకుంటాడు? ఈ తల్లికి పట్టింపు లేదనుకుంటాడు. వచ్చే నెలలో ఆ కోర్టులోనే ఐలా ఇంటికి వస్తుందో, దత్తత పోయి ఎప్పటికీ పరాయిదవుతుందో తేలిపోతుంది.

అదే గంట కౌన్సిల్ నివేదికలో పచ్చగా మెరుస్తుంటుంది. పిల్లల సేవలు ఎలా నడుస్తున్నాయో చూడ్డానికి మా హార్ల్‌బీలో ఒక పర్యవేక్షణ కమిటీ ఉంది. బాగుంటే పచ్చ, అంతంతమాత్రమైతే పసుపు, చెడితే ఎరుపు. తల్లికి గంట ఇచ్చారా లేదా అన్నదే వాళ్లు చూసేది. ఇచ్చారు కదా, పచ్చ! తర్వాత దాన్ని రద్దు చేశారేమో అని అడిగే నాథుడు లేడు. సిగ్గులేని పచ్చరంగు అది.

గంటలు రద్దయిన కుటుంబాలవాళ్లమంతా చర్చి హాల్లో మీటింగు పెట్టాం. టీ నీళ్లు మరిగేలోపే అరుపులు మొదలయ్యాయి. బెర్నీ కేసు చూసే సోషల్ వర్కర్ గారెత్ తలుపు తోసుకుని రాగానే అందరూ మీద పడ్డారు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా?"

"అవును, నేనే రద్దు చేశా," అన్నాడు గారెత్. "ఆ టైముకి ఇంకో పిల్లాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. ఏం చెయ్యమంటారు, రెండు ముక్కలవ్వమంటారా?"

"ఆ ముక్కేదో పైవాళ్లతో అనొచ్చుగా!"

"అనలేదనుకున్నారా? మీ టీమంతా పచ్చలో ఉందిగా, ఇంకో మనిషి దేనికన్నారు."

హాలు చల్లబడింది. మమ్మల్ని తొక్కుతున్న పచ్చరంగే అతన్నీ తొక్కుతోంది. ఇన్నాళ్లూ ఆ గేటునూ, దాని వెనక పనిచేసే జీతగాణ్నీ ఒకటే అనుకుని తిట్టాం. తాళంచెవి ఎవరి జేబులో ఉందో చూడనేలేదు.

బిస్కెట్ ఫ్యాక్టరీలో యూనియన్ నడిపిన ముసలి నోరా కప్పు కింద పెట్టింది. "పదండి, కమిటీ దగ్గరే తేల్చుకుందాం. బెర్నీ, నువ్వు మాత్రం నోరు మెదపకు తల్లీ. నువ్వరిస్తే కోపిష్టి తల్లని రాసేస్తారు. నేనరుస్తాలే. నా మనవణ్ని ఎప్పుడో దత్తతిచ్చేశారు. నా దగ్గర లాక్కోడానికి ఇంకేం మిగిలింది?"



కమిటీ టౌన్‌హాల్లో కూర్చుంటుంది. జనం అడిగే ప్రశ్న ముందే రాసివ్వాలి. రాసిచ్చాం. కుర్చీలన్నీ నిండిపోయి, మిగిలినవాళ్లం గోడ వెంట నిలబడ్డాం. పిల్లల సేవల డైరెక్టరు నివేదిక చదువుతుంటే సభ్యులు పేజీలు తిప్పుతున్నారు, ఒకాయన ఆవులిస్తున్నాడు. మా వంతు వచ్చింది.

"మీరు రద్దు చేసిన గంటలెన్ని?" అంది నోరా.

"విడి కుటుంబాల విషయాలు ఇక్కడ చర్చించకూడదు," అన్నాడు అధ్యక్షుడు విట్‌లాక్.

"విడి కుటుంబమా? తలెత్తి చూడవయ్యా ఎంతమందిమి ఉన్నామో!"

"జవాబు రాతపూర్వకంగా పంపిస్తాం. కూర్చోండి."

"కూర్చుంటా." నోరా తిన్నగా బల్ల దగ్గరికి నడిచి, ఒక సభ్యుడి ఖాళీ కుర్చీలో కూర్చుంది. "ఈయన ఇవాళ రాలేదుగా అధ్యక్షా! మరి ఈయన పిల్లల్ని ఎవరూ తీసుకుపోరా?"

మా నవ్వుకు అద్దాలు అదిరాయి. విట్‌లాక్ మొహం ఎర్రబడింది. పోలీసుల్ని పిలిపించాడు. ఆ ముసలి మనిషిని ఇద్దరు చెరో రెక్కా పట్టి లేపారు. "మెల్లగా బాబూ, మోకాలు నొప్పి" అంటూనే ఆమె కుర్చీ వదల్లేదు. వేళ్లు విడదీసి లాక్కెళ్లారు. బెర్నీ స్కార్ఫు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంది.

"తర్వాతి అంశం," అన్నాడు విట్‌లాక్.

"ఆగండి." గారెత్ జనంలోంచి లేచాడు. "బెర్నీ గంటలు నేను రద్దు చేశాను. ఆవిడ ప్రతిసారీ వచ్చింది. ఈ మాట రాసుకోండి. వచ్చే నెల జడ్జి ముందు కూడా ఇదే చెప్తా."

"మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా?" అని డైరెక్టరు పళ్లు నూరింది.

"నేనూ రద్దు చేశాను," అంటూ అతని వెనకున్న అమ్మాయి లేచింది. మెడలో కౌన్సిల్ గుర్తింపు కార్డు ఊగుతోంది. "నేనూ చెప్తా."

అటుపక్కనుంచి ఇంకొకరు. అలాంటి కార్డే మెడలో.

బెర్నీ స్కార్ఫు తీసేసింది. "నేను పోలీస్ స్టేషన్‌కి పోతున్నా. నోరా ఒక్కర్తే ఉంది. ఎవరొస్తారు?"

కుర్చీలు జరిగిన చప్పుడుతో గది దద్దరిల్లింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తప్ప అందరం ఆమె వెంట మెట్లు దిగాం.