నాలుగో జ్వరం

పట్టుపురుగుల పేరు చెప్పి నేను ఇంట్లోవాళ్లతో అబద్ధమాడాను. తప్పే. మళ్లీ అవసరం వస్తే మళ్లీ ఆడతాను.

మాది పెద్దపంజాణి దగ్గర పల్లె. ఎకరా మల్బరీ తోట, ఇంటి వెనక పురుగుల షెడ్డు, రెండు ఆవులు. మా ఆయన ఉమాపతికి పుంగనూరులో డ్రిప్ పైపుల షాపు. మా అత్త వెంకటరత్నమ్మ ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న పురుగుల మనిషి. కూతురు శ్వేత అయిదో తరగతి. దేవుడు ఈ ముగ్గురికీ మంచి బుర్రలే ఇచ్చాడు. వాళ్లు వాటిని అరిగిపోకుండా దాచుకుని నా బుర్రను వాడుతూ ఉంటారు.

పొద్దున లేస్తూనే మొదలు. "మునీశ్వరీ, నా చార్జర్ యాడ ఉండాది?" అంటాడు మా ఆయన, చార్జర్ ముందే నిలబడి. "అమ్మా, ఈ పొద్దు ప్రాజెక్టుకు థర్మోకోల్ కావల్లంట" అంటుంది శ్వేత, స్కూలు బస్సు హారన్ కొట్టాక. "మే, నేను షుగరు బిళ్ల ఏసుకున్నానా?" అంటుంది అత్త. మింగింది ఆమె, గుర్తుండాల్సింది నాకు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో, ఎర్రావు ఎప్పుడు ఎదకొచ్చిందో, బండి ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో, కుప్పంలో ఉండే ఆడబిడ్డ రేఖ కొడుకు పుట్టినరోజు ఎప్పుడో, అన్నీ నా తలలోనే ఉండాలి.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఏ పని చెప్పినా చేస్తాడు. కానీ చెప్పాలి. ఏ పనో, ఎప్పుడో, ఎట్లాగో, సామాను ఎక్కడుందో, అయినాక ఎక్కడ పెట్టాలో చెప్పేలోపు ఆ పని నేను మూడుసార్లు చేసుకోవచ్చు. "చెప్తే చేస్తాను గదా" అనే మాటకు శిక్ష వేసే చట్టం ఈ దేశంలో లేకపోవడం పెద్ద లోటు.

పోయిన కార్తీకంలో శ్వేతకు కళ్లద్దాలు చేయించడానికి మదనపల్లెకు పోయాం. పని అయినాక బస్టాండులో పాపను బెంచీ మీద కూర్చోబెట్టి, "ఈడే ఉండు, మందుల షాపుకు పోయొస్తా" అన్నాను. అత్తకు బిళ్లలు కొన్నాను. అంతలో మా ఆయన ఫోను. ఇన్సూరెన్సు కాగితం ఎక్కడుందని. బీరువా, రెండో అర, పచ్చ కవరు, దాని కింద ఇంకో కవరు అని చెబుతూ చెబుతూ పుంగనూరు బస్సెక్కాను. ఆధార్ చూపించి ఒక టికెట్టు అన్నాను. బస్సు ఊరు దాటుతుండగా ఒళ్లో సంచి సర్దుకుంటే కళ్లద్దాల పెట్టె చేతికి తగిలింది.

బస్సు ఆపించి దిగి, ఎదురుగా వచ్చిన ఆటో ఎక్కి వెనక్కి పోయాను. పాప ఆ బెంచీ మీదే కాళ్లు ఊపుకుంటూ ఉంది. "ఈడే ఉండమంటివి గదమ్మా" అంది. ఇంట్లో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పచ్చ కవరు గుర్తున్న తలకు కన్నబిడ్డ గుర్తులేదు. ఆ రోజు నుంచి నన్ను చూస్తే నాకే భయం. మళ్లీ దేన్ని, ఎవరిని, ఎక్కడ మరిచిపోతానో అని ఒకటే దిగులు. ఎవరూ ఏమీ అడగకుండా కొంతసేపు నా తల నాకు కావాలి. అది తప్ప మందు లేదని తెలుసు. అడుగుదామంటే, "ఎంతసేపు? ఎప్పుడు? అందాకా అన్నం ఎవరొండాల?" అని తిరిగి నన్నే అడుగుతారు.

మాఘమాసం పంటకు పురుగులు నాలుగో జ్వరానికి వచ్చాయి. తెలియనివాళ్లకు చెబుతాను. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పాత తోలు విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరమంటాం. అప్పుడు మేత వేయకూడదు, వాటిని కదిలించకూడదు. నాలుగో జ్వరం ఒకటిన్నర రోజులో తీరిపోతుంది. నేను దాన్ని మూడు రోజులు చేశాను.

"ఇదో, ఇనప్పా" అన్నాను మా ఆయనతో. "ఈసారి తెచ్చింది కొత్త రకం. జొరంలో మూడు దినాలు మనిషి గొంతు ఇనపడితే సచ్చిపోతాయంట. ఫోను అసలే పనికిరాదంట. మేపే మనిషి ఒక్కటే లోపల ఉండల్లంట."

"అట్లనా? అయితే నువ్వు పోయి ఉండు, ఇల్లు నేను సూసుకుంటా" అనేశాడు. భార్యకు విశ్రాంతి కావాలంటే వంద ప్రశ్నలడిగే మనిషి, పురుగులకు కావాలంటే ఒక్కటి కూడా అడగలేదు. అరుగు మీద కూర్చున్న అత్త మాత్రం నావైపు ఒకసారి చూసి, వక్క నోట్లో వేసుకుంది.

మొదటిరోజు పాలు పితికి షెడ్డులోకి పోయి తలుపేసుకున్నాను. పురుగులు తలలెత్తుకుని నిద్రపోతున్నాయి. నేనూ చాప పరుచుకుని పడుకున్నాను. అబ్బ, ఏమి నిద్ర! మధ్యలో వంటింట్లో గిన్నెలు పడ్డ మోత వినిపించింది. ఏ గిన్నె పడిందో చప్పుడును బట్టి చెప్పగలను గానీ, చెప్పాల్సిన పని లేదు కాబట్టి పక్కకు తిరిగి పడుకున్నాను.

పదకొండు గంటలకు తలుపు కింది సందులోంచి ఒక చీటీ లోపలికొచ్చింది. "ఉప్మాకు ఉప్పు ఎంత?" దాని కింద సంజాయిషీ కూడా ఉంది: "ఇది మాట కాదు, రాత. పురుగులకు ఏమీ కాదు." కాసేపటికి ఇంకొకటి. "జీలకర్ర డబ్బా ఏది?" తర్వాత ఇంకొకటి. "జీలకర్ర ఎట్ల ఉంటుంది?" సాయంత్రానికి తొమ్మిది చీటీలు. ఒక్కదానికీ జవాబివ్వలేదు. రాత్రి తినడానికి, పడుకోవడానికి మాత్రం ఇంటికి పోయి, తలనొప్పి అని ముసుగు తన్నాను.

రెండోరోజు పొద్దున్నే పురుగులు తోలు విడిచి లేచాయి. మేత వేసి మళ్లీ చాప మీదికి చేరాను. ఆ రోజు చీటీలు నాలుగే. చివరిది చదివి రెండుసార్లు కళ్లు నులుముకున్నాను. "గ్యాస్ నేనే బుక్ చేసినాను. నంబరు సిలిండరు బుక్కులోనే ఉండాది." ఇన్నేళ్లుగా ఆ నంబరు అక్కడే ఉందని చెబుతున్నది నేనే.

మూడోరోజుకు చిక్కొచ్చి పడింది. నాలుగో జ్వరం తీరిన పురుగు ఆకలి మామూలుది కాదు. అన్నీ ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే షెడ్డంతా తుంపర పడుతున్నట్టు చప్పుడు. అది విన్నవాళ్లకు జ్వరం తీరిందని ఇట్టే తెలిసిపోతుంది. మా ఆయనతో భయం లేదు. ఆయన ఆ చప్పుడు విని, "వాన పడతాండాది" అంటూ తీగ మీది బట్టలన్నీ లోపలికి తీసుకుపోయాడు. నా భయమంతా అరుగు మీది మనిషితోనే.

మధ్యాహ్నం తలుపు తోసుకుని ఆమె వచ్చింది. గడప దగ్గర పెట్టిన బ్లీచింగు నీళ్లలో కాళ్లు తడుపుకుని, కొంగు బిగించి, అరలన్నీ వరసగా చూసింది. మేతకు వేసిన మల్బరీ కొమ్మ ఎత్తి ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది.

"ఇవి నిన్న పొద్దున లేసినాయి" అంది.

ఇక దొరికిపోయాను, ఈ తలుపు కూడా పోయింది అనుకున్నాను. ఎందుకో, ఎన్నడూ లేనిది బస్టాండు సంగతంతా ఆమె ముందు కక్కేశాను. బెంచీ, పచ్చ కవరు, ఒక్క టికెట్టు, అన్నీ. ఏడుస్తూనే చెప్పాను.

ఆమె పురుగును జాగ్రత్తగా ఆకు మీద పెట్టింది. "దిగి ఎనక్కి పోయినావు గదమ్మా. ఇంగ బస్సు ఎక్కేటప్పుడు ఉమాపతి ఫోను ఎత్తబాక" అంది. చాప మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటూ, "కొత్త రకమంట, కొత్త రకం. నేను దేవత మీద పెట్టినా" అని నవ్వింది.

"ఏంది అత్తా?"

"జొరం దినాల్లో మేపే ఆడమనిషిని పేరు పెట్టి పిలిస్తే చౌడేశ్వరమ్మకు కోపమొస్తాదని మీ మామకు చెప్పినా. పాపం, సచ్చిపోయేదాకా నమ్మినాడు. ఈ చాప మీదనే పడుకునేదాన్ని. అయితే నేను రెండు దినాలకే ఆపేదాన్ని. నీకు ఆశ ఎక్కువ."

నాకు నవ్వు రాలేదు. "మరి నేను వచ్చిన ఏడాదే షెడ్డు నాకు యాల ఇచ్చేసినావు?" అన్నాను. కొత్త కోడలి నెత్తిన చాకిరీ పడేసిందని పన్నెండేళ్లుగా మనసులో ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను.

"ఇంట్లో ఆడదానికి మూసుకునేదానికి ఇదొక్క తలుపే ఉండాది" అంది. "నాకన్నా నీకే అవసరమని ఇచ్చినా. ఈ పంటకు తెలుసుకుంటాదిలే, వచ్చే పంటకు తెలుసుకుంటాదిలే అని సూస్తానే ఉండా. నువ్వేమో పిచ్చిదాని మాదిరి ఉత్త పురుగులు మేపుకుంటా ఉంటివి."

పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ ఆమె ఎక్కడికి పోయి పడుకుందో నేను ఒక్కసారైనా అడగలేదు. ఇంటిల్లిపాదికీ ఏం కావాలో తెలిసినదాన్ని, ఆమెకు ఏం కావాలో నాకు తెలియలేదు. సిగ్గుతో తల దించుకున్నాను.

అంతలో తలుపు అవతల గుసగుసగా మా ఆయన గొంతు. "మునీశ్వరీ, జొరం దిగిందా? మాయమ్మ కూడా కనపడలేదే, యాడికి పోయినట్టు?"

"రేయ్, నోరు మూయరా!" అని లోపలి నుంచి అత్త గట్టిగా అరిచింది. "పురుగులు బెదురుతాండాయి! ఇంగా రెండు దినాలు ఈ పక్కకు రావద్దండి ఎవరూ!"

ఆయన అడుగుల చప్పుడు మునివేళ్ల మీద దూరమైపోయింది. అత్త కొంగు మడిచి తల కింద పెట్టుకుంటూ, "జరుగు మే" అంది. నేను గోడ వైపుకు జరిగి చాప సగం ఆమెకు ఇచ్చాను.