నాలుగు క్యాసెట్ల గోల

నేను ఒక అమెరికా బ్యాండు పద్నాలుగేళ్ల పాటు పాడి, వాయించి, పోట్లాడుకుని వదిలేసిన పాటల మొత్తాన్ని. తొంభై నిమిషాల క్యాసెట్లు నాలుగింటిలో ఒదిగి, కాకినాడలో జగన్నాథపురం వంతెన దాటాక ఉండే ఒక రికార్డింగు కొట్లో కాపురముంటున్నాను. దాచేదేముంది, నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: పక్కనే ఉన్న మనిషికి నేను వినపడకపోవడం. టేపు తెగుతుందని భయం లేదు, తెగితే అతికించే చెయ్యి ఉంది. బూజు పడితే దూదితో తుడుస్తారు. వినపడకపోతే మాత్రం నేను చేయగలిగింది ఏమీ లేదు.

నన్ను కన్నవాళ్లు నలుగురు. కారు పెట్టుకునే షెడ్డులో పుట్టాను. నాకోసం కారు ఎండలో నిలబడింది. మొదటి రికార్డునాటికి వాళ్లకి లోకం మొత్తం మీద కోపం. నాలుగోదానికి పేరొచ్చింది, కోపం ఒకరి మీద ఒకరికి మళ్లింది. ఎనిమిదోది చేసేనాటికి నలుగురూ ఒక గదిలో నిలబడడం మానేసి, ఎవరి వంతు వాళ్లు వేరే వేరే రోజుల్లో వచ్చి వాయించిపోయారు. చిత్రమేమిటంటే, అన్నిటిలోకీ కలిసికట్టుగా వినిపించేది ఆ ఎనిమిదోదేనట.

కాకినాడకి నేను ఓడమీద వచ్చాను. ఇక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకి రావు. దూరంగా లంగరేసుకుంటే, పడవల మీద బియ్యం మోసుకెళ్లి ఎక్కిస్తారు. అలా ఎక్కించే అయిదు రోజులూ ఓడలో పనిచేసే ఒక ఫిలిప్పీన్సు మనిషి ఊళ్లో తిరిగాడు. ఒక పెళ్లి ఊరేగింపు వెంట నడిచి, సన్నాయి విని, ఆ సన్నాయి తనకి కావాలని చేతులతో సైగలు చేస్తూ ఈ కొట్టు నడిపే దొరబాబు దగ్గరికి వచ్చాడు. దొరబాబు అతనికి మంగళవాయిద్యాలు ఎక్కించి ఇచ్చాడు. బదులుగా అతను తన ఎనిమిది పెద్ద రికార్డులనీ ఓడ కదిలేదాకా అరువిచ్చాడు. ఒక్కో రికార్డూ క్యాసెట్టులో ఒక్కో వైపుకి సరిగ్గా సరిపోయింది. పేర్లు చదవడం దొరబాబు వల్ల కాలేదు. విన్నంతలో తనకి తోచినట్టు అట్టల మీద రాశాడు: గట్టిది ఒకటి, గట్టిది రెండు, కాస్త మెత్తనిది, పోట్లాటది. పద్నాలుగేళ్ల చరిత్రని ఇంత పొట్టిగా రాసిన పండితుణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

నన్ను ఎవరూ కొనుక్కోలేదు. జనానికి సినిమా పాటలు కావాలి, భజనలు కావాలి. కాగితం మీద పాటల పేర్లు రాసుకొచ్చి, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి పోతారు. నాకు దొరికిన ఉద్యోగం టెస్టింగు. బాగుచేసిన స్పీకరు గరగర లాడుతోందా లేదా తేల్చాలంటే దానిమీదికి నన్ను వదలాలి. అందుకని రోజంతా కొట్లో నేనే. ఆ వీధిలో నేను పడని చెవి లేదు, నన్ను ఆలకించిన చెవి ఒక్కటీ లేదు.

సత్యవేణి దొరబాబుని పెళ్లాడి ఆ కొట్లోకి వచ్చింది. కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న గోడ ఒక పాత చీర తెర. ఆమెది యానాం. తల్లి పోవడంతో ఎనిమిదో తరగతిలో బడి మాని, తమ్ముళ్లకి వండిపెట్టిన పిల్ల. చేతిరాత మాత్రం ముత్యాలకోవ. దొరబాబు మైకుల పనిమీద బయటికి వెళ్తే కొట్లో కూర్చుని అట్టల మీద పాటల పేర్లు ఆమే రాసేది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ నా పక్కనే కూర్చుంది. మొదట్లో నన్ను వింటే తలనొప్పి అనేది. అయిదో నెలకి రాస్తూ రాస్తూ కాలితో తాళం వేసేది.

ఆడపిల్ల పుట్టింది. లోవలో వెలసిన తలుపులమ్మకి మొక్కుకున్నారు కనక లోవ అని పిలిచారు. తెర వెనక చీర ఊయల, తెర ముందు నేను. మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

సత్యవేణికి భయాలు ఎక్కువ. పొయ్యి ఆర్పానా లేదా అని వీధి చివరినుంచి వెనక్కి వచ్చేది. పిల్ల ముక్కు దగ్గర వేలుపెట్టి గాలి ఆడుతోందో లేదో చూసేది. అలాంటి మనిషి దగ్గర, పిల్లకి మూడో నెలలో, ఎదురింట్లో ఇస్త్రీ చేసే వీరమ్మ ఒక మాట జారింది.

"మీ టేపు గోలకి శ్మశానంలో ఉన్నోళ్లు లెగిసొచ్చేలా ఉన్నారు. నీ పిల్ల మాత్రం మెదలదేంటే, సత్తేణీ?"

వీరమ్మ నవ్వుతూ అంది. సత్యవేణి నవ్వలేదు. ఆ రోజునుంచి ఊయల పక్కన పరీక్షలు మొదలయ్యాయి. చప్పట్లు కొట్టింది. ఇత్తడి పళ్లెం మీద గరిటెతో వాయించింది. పిల్ల పడుకునే ఉంది. మెలకువగా ఉన్నప్పుడు పిలిస్తే ఒకసారి చూసేది, ఒకసారి చూసేది కాదు. నేను ఇంత ఎత్తున అరుస్తుంటే ఎవరి పిలుపు ఎవరికి తెలుస్తుంది? ఆ సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నన్ను విని విని వాళ్ల లెక్కలో నేను గోలే కాదు.

అత్తగారు అప్పాయమ్మ, తమ వంశంలో అందరిదీ మొద్దు నిద్రేనని, దొరబాబుని చిన్నప్పుడు తిరునాళ్లలో మరిచిపోయి వస్తే అక్కడే పడుకుని ఉన్నాడని చెప్పింది. దొరబాబు ఊరుకో ఎహే అంటూ కొట్టిపారేశాడు. కాని ఆ సాయంత్రం సోల్డరింగు చేస్తూ వేలు కాల్చుకున్నాడు. అతనికీ లోపల గుబులు పట్టిందని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్దామనుకున్నారు. ఈలోగా చివరి పరీక్ష ఒకటి చేసి చూద్దామని దొరబాబే అన్నాడు. జాతరలో వాడే మైకు హారన్లు రెండు బాగుచేయడానికి వచ్చి ఉన్నాయి. వాటిని తెరకి అటూ ఇటూ నిలబెట్టి, 'గట్టిది రెండు' క్యాసెట్టు డెక్కులో పెట్టి, సౌండు నాబు చివరిదాకా తిప్పాడు. నేను ఆ మధ్యాహ్నం పాడినట్టు నన్ను కన్న నలుగురూ ఏనాడూ పాడి ఉండరు. పెంకులు అదిరాయి. గూట్లో గ్లాసులు జరిగి కింద పడ్డాయి. వీరమ్మ ఇస్త్రీపెట్టె వదిలేసి వీధిలోకి వచ్చింది. నాకు కావలసింది మాత్రం ఒక్కటే, ఆ మూడు నెలల మొహం ఒక్కసారి ఉలిక్కిపడాలి.

లోవ పెదవి చప్పరించి, అటు తిరిగి, ఇంకా హాయిగా పడుకుంది.

సత్యవేణి ఊయల తాడు పట్టుకునే నేలమీద కూలబడింది. ఏదో అంది. నా హోరులో దొరబాబుకి వినపడలేదు. వంగి, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"మన పాపకి వినపడదండీ."

అప్పుడే కరెంటు పోయింది.

వేసవి కోతలకి అదే మొదటి రోజు. నా గొంతు సాగి, మూలిగి, ఆగింది. ఆ కొట్లో ఎన్నో నెలల తర్వాత పట్టపగలు ఒక నిశ్శబ్దం వచ్చి నిలబడింది. ఊయల కదిలింది. లోవ కళ్లు తెరిచింది. ఏదో పోయినట్టు అటూ ఇటూ చూసి, కింది పెదవి వణికించి, ఇల్లెగిరిపోయేలా గుక్కపెట్టింది.

నేలమీద సత్యవేణి, పక్కన దొరబాబు, గుమ్మంలో అప్పాయమ్మ, ముగ్గురూ బొమ్మలైపోయారు. ముందు తేరుకున్నది సత్యవేణే. ఊయల వెనక్కి వెళ్లి, పిల్లకి కనపడకుండా, గుసగుసగా పిలిచింది.

"లోవా."

ఏడుపు సగంలో ఆగింది. తల పిలుపు వచ్చిన వైపు తిరిగింది.

కరెంటు వచ్చాక దొరబాబు నన్ను వేశాడు, పిల్ల కళ్లు మూసింది. ఆపాడు, ఏడ్చింది. వేశాడు, పడుకుంది. నాలుగోసారికి అప్పాయమ్మ అతని చేతిమీద ఒకటి వేసింది.

"ఓరి, నీ దుంపతెగ. గోలాగితే లెగిసే పిల్లని నా జన్మలో సూళ్లేదు. ఇంక దాన్ని పడుకోనివ్వరా."

కడుపులో ఉన్నప్పటినుంచీ నన్ను వింటున్న పిల్లకి నేను గోల ఎలా అవుతాను? నేను దాని ఇల్లు.

అయినా సత్యవేణి మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది. మనసు ఊరుకోవద్దూ. డాక్టరమ్మ చిన్న గంట పట్టుకుని వెనకనుంచి ఆడించి, చెవులు చూసి, మొత్తం కథ విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. పాప చెవులకి ఏ లోటూ లేదని చెప్పింది. నా గోలలో బతుకుతున్న మొగుడూ పెళ్లాలే చెవులు చూపించుకోవడం మంచిదంది. నన్ను తగ్గించి పెట్టుకోమని కూడా చెప్పింది. అప్పటినుంచి నా నాబు సగం దాటలేదు. నాకేం బాధ లేదు.

కరెంటు పోయిన పూటల్లో పిల్లని పడుకోబెట్టడం పెద్ద కచేరీ. సత్యవేణి నా గిటారుని నోటితో పాడేది. మెత్తనిదాంట్లో గిటారు పొడుగ్గా ఏడ్చే చోటు ఒకటుంది, అక్కడ కళ్లు మూసుకుని రాగం తీసేది. అప్పాయమ్మ ఊయల ఊపుతూ "డడ్డ డమ్, డడ్డ డమ్" అని డోళ్ల భాగం అందుకునేది. నన్ను కన్న నలుగురూ చివరి రోజుల్లో ఒక గదిలో నిలబడి వాయించలేకపోయారు. ఆ పని అత్తాకోడళ్లు చేసి చూపించారు.

సంగతి వంతెన దాటింది. పసిబిడ్డల తల్లులు మధ్యాహ్నాలు కొట్లోకి రావడం మొదలుపెట్టారు, మా పాపని కూడా చూడమని. సత్యవేణి నన్ను చిన్నగా పెట్టేది. ఉలిక్కిపడిన పిల్లలు, కళ్లు తిప్పిన పిల్లలు, నామీద కోపంతో ఎక్కిళ్లు పెట్టిన ఒక పిల్ల. తల్లులు నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

ఉప్పాడనుంచి కాసులమ్మ వచ్చింది పోయిన శ్రావణంలో. మత్స్యకారుల కోడలు. చంకలో పది నెలల మరిడమ్మ. బల్లమీద నా ఎదురుగా కూర్చోబెడితే, డెక్కులో తిరుగుతున్న నా చక్రాలు చూసి రెండు పళ్లతో నవ్వింది. నేను పాడుతున్నా నవ్వింది. ఆపి, చక్రాలు చేత్తో తిప్పినా అంతే నవ్వింది. సత్యవేణి వెనకనుంచి పిలిచింది. ఇంకోసారి పిలిచింది. మరిడమ్మ చక్రాలనే చూస్తూ ఉంది.

సత్యవేణి ఏమీ దాచలేదు, భయపెట్టనూ లేదు. తొందరగా చూపిస్తే చెవికి పెట్టే మిషన్లున్నాయని, తోడు తనొస్తానని చెప్పింది. వేటకెళ్లిన మొగుడు రాగానే శుక్రవారం వస్తానంది కాసులమ్మ. శుక్రవారం సత్యవేణి లోవని చంకనేసుకుని, ఆసుపత్రి మూసేదాకా గేటు దగ్గర నిలబడింది. ఆ వారం సముద్రం ముందుకొచ్చి ఉప్పాడలో ఒక వరస ఇళ్లు లాగేసుకుందని తర్వాత తెలిసింది. బస్సెక్కి వెళ్లి చూస్తే ఆ వీధి లేదు. మనుషులు క్షేమమేనన్నారు. ఎటు వెళ్లారంటే ఒకరు కోనపాపపేట అన్నారు, ఒకరు వాకతిప్ప అన్నారు. రెండు చోట్లా తిరిగి ఉత్త చేతులతో వచ్చింది.

మీకు అటు వెళ్లే పని ఉంటే, కాసులమ్మ ఇల్లు ఎక్కడికి మార్చారో అడగండి. మరిడమ్మకి ఇప్పుడు ఏడాదిన్నర. తనకి కనపడకుండా, వెనకనుంచి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూస్తే సంతోషం, మా సత్యవేణికి ఒక కార్డు ముక్క రాయండి. తిరగకపోతే వాళ్లమ్మని కంగారు పెట్టకండి. పాపని ఎత్తుకుని వంతెన దాకా రమ్మనండి చాలు. అక్కడినుంచి తోడు వెళ్లడానికి మనిషి ఉంది.