ఇరవై నాలుగు కిరీటాలు

నిన్నటి పేపరును మడతలు పెట్టి, అంచులు పైకి విరిచి, గోటితో గట్టిగా నొక్కి ఆవిడ భర్తకు టోపీ తయారుచేసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి పొద్దునా అదే పని. బోర్డులు రాసేటప్పుడు రంగు చుక్కలు నెత్తిన పడకూడదని మొదలైన ఆ టోపీ, జుట్టు రాలిపోయాక ఆయన పరువైపోయింది. ఎవరి ముందూ తీయడు. ప్రార్థనలో కూడా తీయడని చర్చి సంఘంలో సణుక్కునేవాళ్ళు ఉన్నారు. ఆయన చెవిన పెట్టడు.

"ఇవాళ వార్నిషు ఒక్కటేగా?" అంది.

"అంతే. పొడుగు కర్రకు బ్రష్ కట్టి కింద నుంచే లాగేస్తా."

ఆవిడ కుదుటపడింది. మూడు వారాల కిందట, చర్చి గోడ మీద బొమ్మలో పై వరుస పూర్తయిన మర్నాడే ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. మళ్ళీ నిచ్చెన ఎక్కితే తన దగ్గరకు రావద్దని డాక్టరు ముఖం మీదే చెప్పాడు.

ఇద్దరూ చర్చికి వచ్చేసరికి ఏడు దాటింది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు చేతిలో బైబిలుతో గోడ ముందు నిలబడి ఉన్నారు. గోడ నిండా, బైబిలు చివర్లో యోహాను దర్శనంలో చూసిన పరలోకం. మధ్యలో సింహాసనం, చుట్టూ పచ్చల ఇంద్రధనుస్సు, ముందు గాజులాంటి సముద్రం. ఒళ్ళంతా కళ్ళున్న నాలుగు జీవులు. సింహాసనం మధ్య మెడ మీద గాయంతో నిలబడిన గొర్రెపిల్ల, అంటే యేసయ్య. ఆ గాయం ఒక్కటే నాలుగు రోజుల పని. చుట్టూ మూడు వరుసల్లో ఇరవై నలుగురు పెద్దలు సాగిలపడి ఉన్నారు. సంఘపెద్దలు ఒక్కొక్కరే వచ్చి వాళ్ళలో తమ ముక్కు, తమ గడ్డం వెతుక్కుని, దొరికినవాళ్ళు మురిసిపోయి, దొరకనివాళ్ళు మూతి ముడుచుకుని వెళ్ళారు.

"ఆర్టిస్టుగారూ, బ్రహ్మాండంగా ఉంది. కానీ..." పాస్టరుగారు నసిగారు. "కిరీటాలు తలమీదే ఉన్నాయేంటి?"

"పాత అయ్యగారు చదివింది అదేనండీ. తలల మీద బంగారు కిరీటాలని."

"అది మొదట్లో. ఇంకాస్త కిందికి వస్తే, సాగిలపడి, వాటిని తీసి సింహాసనం ముందు వేస్తారు."

కొలత చెప్పగానే పనిలో దిగిపోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మిగతాది వినడు.

"ఫర్లేదు లెండి. ఎవరు గమనిస్తారు? సాయంత్రం అయిదింటికే ప్రతిష్ఠ. వచ్చే ఏడు చూసుకుందాం," అన్నారు పాస్టరుగారు.

"అయ్యగారు చెప్తున్నారుగా, వినండి," అంది ఆవిడ గబుక్కున.

ఆయన గోడ వంకే చూస్తున్నాడు. ఊళ్ళో సగం అక్షరాలు ఆయన చేతివే. కొట్ల బోర్డులు, బస్సుల వెనక నంబర్లు, డాక్టర్ల తలుపుల మీద పేర్లు. ఊరంతా ఆయన రాతే, ఒక్కచోటా ఆయన పేరు లేదు. అయినా తప్పు రాసిన బోర్డు ఒక్కటి కూడా గడప దాటించలేదు. ఇదేమో ఎవరి సరుకూ అమ్మని ఒకే ఒక్క గోడ. దాని మీద, ఆ గాయం ఎదుట, ఇరవై నలుగురు తలమీద బంగారం పెట్టుకుని మొక్కుతున్నారు.

"నిచ్చెన పట్టుకోవే," అన్నాడు.

ఆవిడ ఏడ్చింది, తిట్టింది, పిల్లల మీద ఒట్టు పెట్టింది. చివరికి వచ్చి రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది. తను పట్టుకోకపోయినా ఆ మనిషి ఎక్కుతాడని ఆవిడకు తెలుసు.

ఒక్కో తలకు ఇరవై నిమిషాలు. బ్లేడుతో బంగారం గీకాలి, తెల్లజుట్టు వేయాలి, కింద గాజు సముద్రం మీద కిరీటం దింపాలి. గీకిన పొడి ఆవిడ చీర మీద రాలుతోంది. పై వరుస తొమ్మిదో మెట్టు మీద. ఆయన ఎక్కిన ప్రతిసారీ ఆవిడ మెట్లు లెక్కపెట్టింది. పదకొండో తల దగ్గర బ్లేడు జారి కిందపడింది. ఆయన ఎడమ చెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడిపోయాడు.

"ఏమండీ!"

"చెమట. అంతే."

చెమట కాదని ఇద్దరికీ తెలుసు. ఆవిడ బ్లేడు అందించింది. అందించినందుకు తనను తానే తిట్టుకుంది.

"సగం మందికి బట్టతలలు పెట్టెయ్యండి, తొందరగా అవుతుంది," అంది.

"పరలోకంలో బట్టతలలు ఉంటాయా?"

"ఏం, మీరు వెళ్ళరా?"

ఆయన నవ్వాడు. నిచ్చెన ఊగింది. ఆవిడ నాలుక కరుచుకుంది.

మధ్యాహ్నం తిండి ముట్టలేదు. పదకొండింటికి పై వరుస అయింది, ఒకటిన్నరకు మధ్య వరుస. ఆ వరుసలవి కిందికి దించాక గాజు సముద్రం మీద కిరీటాలు ఒకదాని పక్కన ఒకటి మెరిశాయి. నాలుగుంపావుకు చివరి పెద్ద. ఆయన నేలమీద మోకాళ్ళూని, సింహాసనం మొదట్లో ఆఖరి కిరీటం పెట్టి, అంచున సన్నటి వెలుగు గీత లాగాడు. గీత ఎక్కడా వంకర పోలేదు.

"అయిందే," అన్నాడు.

ఆవిడ కొంగుతో ఆయన ముఖం తుడిచింది. దేవుడు చల్లగా చూశాడనుకుంది. నిచ్చెన దిగాడు, నేలమీదే ఉన్నాడు, ఇంకేం కావాలి? మొదటి బల్లమీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"బ్రష్‌లు కడుక్కొస్తా. కదిలారో చూడండి!"

"ఎక్కడికి పోతానే!"

పెరట్లో కుళాయి దగ్గర బంగారం నీళ్ళల్లో కలిసి పోయేదాకా కడిగింది. లోపల ఎవరో బల్ల జరిపినట్టు చప్పుడు వినిపించింది. తిరిగొచ్చేసరికి ఆయన బల్ల చివర, గోడకు ఎదురుగా, తల వెనక్కి వాల్చి ఉన్నాడు. తల బోసిగా ఉంది. పట్టపగలు, నలుగురు తిరిగే చోట, ఆయన బోడితల ఆవిడ ఎన్నడూ చూడలేదు.

"టోపీ ఏది? ఇప్పుడే జనం వస్తారు..." అంటూ చెయ్యి పట్టుకుంది. వేళ్ళకు రంగు తడిగానే ఉంది. చెయ్యి మాత్రం చల్లబడింది.

అయిదింటికి జనం వచ్చారు. ఎవరూ పాట ఎత్తుకోలేదు. పాస్టరుగారు ఆవిడ పక్కన నేలమీద కూర్చుండిపోయారు. సంఘపెద్దలు గోడ వంక చూశారు, ఎవరి ముక్కు ఎవరిదో ఎవరూ వెతుక్కోలేదు. ఆవిడకు అప్పుడు అర్థమైంది, ఆయన బల్ల మీద నుంచి లేచి గోడ దాకా నాలుగడుగులు వేసి, తిరిగి వచ్చి కూర్చున్నాడని.

గోడ మొదట్లో, ఆరని ఆఖరి కిరీటం కింద, నిన్నటి పేపరు టోపీ ఉంది. ఆవిడ పొద్దున గోటితో నొక్కిన మడత ఇంకా విడలేదు.