అలవాటు పడని ఊపిరి

కార్లకు రంగు వేసే ఆ షెడ్డులో కొత్తవాళ్లు దగ్గితే ఎవరూ పట్టించుకోరు. మొదటి నెల గొంతు గీరుకుంటుంది, రెండో నెలకి అలవాటు పడిపోతుందని అక్కడివాళ్ల లెక్క. గరుకు కాగితం రుద్దీ రుద్దీ అరచేతులు కాయలు కాసినట్టే ఊపిరితిత్తులూ కాయలు కాస్తాయని పెయింటర్ నమ్మేవాడు. ఇరవై ఆరేళ్లుగా స్ప్రే గన్ పడుతున్నాడు, రోజుకి రెండు పెట్టెల సిగరెట్లు కాలుస్తున్నాడు. దగ్గు అతని గుమ్మం తొక్కలేదు. అందుకే మేనకోడలు దగ్గినప్పుడు నవ్వాడు.

ఆ అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. వయసు ఇరవై రెండు. ఎండకి వెలిసిన కారు రంగుని అచ్చం అలాగే కలిపి తేవడం షెడ్డులో ఆమె తర్వాతే ఎవరైనా. పెయింటర్ మూడుసార్లు కలిపి మూడుసార్లు పారబోసిన బూడిద రంగుని ఆమె ఒక్కసారికే పట్టింది. అతనికి పిల్లల్లేరు. తన తర్వాత షెడ్డు పిచ్చుకదేనని ఆ రోజే అక్కతో అన్నాడు.

షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఆఖరి పూత పడగానే మాస్కు తీసి, వంగి, దీపం కింద పక్కవాటుగా మెరుపు చూడాలి. మాస్కు అద్దంలోంచి ముడతలు కనపడవు. ఆ పూత గట్టిపడటానికి హార్డెనర్ కలుపుతారు. వాసన దానిది కాదు, రంగుని పలచన చేసే థిన్నర్‌ది. థిన్నర్ వాసన పోతే గాలి శుభ్రపడిందని పెయింటర్ నేర్చుకున్నాడు, పిచ్చుకకీ అదే నేర్పాడు.

ఆమెకి దగ్గు షెడ్డులో వచ్చేది కాదు. ఇంటికి వెళ్లి, భోజనానికి కూర్చున్నాక మొదలయ్యేది. దాంతో నేరమంతా ఇంటి మీద పడింది. అక్క గోడ చెమ్మని తిట్టింది, దుప్పట్లన్నీ ఉతికింది, పిల్లిని పక్క వీధిలో వదిలేసింది. పిల్లి మూడో రోజు తిరిగొచ్చింది. దగ్గు అసలు వెళ్లనే లేదు. కొన్నాళ్లకి దానికి పిల్లికూతలు తోడయ్యాయి. అక్కకి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. కూతురి ఛాతీలో తన ఛాతీ చప్పుడే విని, తమ్ముణ్ణి పిలిపించింది.

"నీ పోలికలు ముక్కుతో ఆగిపోయాయనుకున్నా అక్కా," అని అతను తేలిగ్గా తీసేయబోయాడు.

"నీ పోలిక రావాల్సింది మావయ్యా," అంది పిచ్చుక. "నీవి ఊపిరితిత్తులా, తారు రోడ్లా? లారీలు పోయినా అరగవు."

ముగ్గురూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ వరసగా ప్రశ్నలు వేసింది. తల్లికి ఉబ్బసం ఉందా? ఉంది. పసితనంలో మోచేతి మడతల్లో దురద, పొక్కులు? మూడేళ్లు ఉన్నాయి. పొద్దున లేస్తూనే తుమ్ములు? ఇప్పటికీ. ఇంట్లో సిగరెట్లు తాగేవాళ్లు? అక్క తమ్ముడి వైపు చూసింది. పిచ్చుకకి ఎనిమిదేళ్లు వచ్చేదాకా అతను ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఆమె పడుకునే గదిలోనే కూర్చుని కాల్చాడు. డాక్టరమ్మ ఒక్కో జవాబుకి ఒక్కో గీత గీసింది. వేరే ఊళ్లో ఉంటే ఎలా ఉంటుందని అడిగింది. పిన్ని ఇంట్లో పది రోజులున్నప్పుడు ఒక్కసారీ దగ్గలేదంది పిచ్చుక. చివరికి ఏం పని చేస్తావని అడిగి, జవాబు విని, పెన్ను కింద పెట్టింది.

పెయింటర్ తన ఇరవై ఆరేళ్ల సర్వీసు చెప్పుకొచ్చాడు. తనకేమీ కాలేదన్నాడు.

"మీకు కాలేదు కాబట్టే ఈ అమ్మాయిని అక్కడ ఉంచారు," అంది డాక్టరమ్మ. "ఈ గీతల్లో ఏదీ జబ్బు కాదు. ఇవన్నీ ఉన్నా రానివాళ్లున్నారు, ఏదీ లేకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ హార్డెనర్ ఎవరికైనా పడకపోవచ్చు. ఒకసారి పడలేదా, ఇక అలవాటు పడటమనేది ఉండదు. పోను పోను ఊపిరి పట్టేయడానికి ఇంకా తక్కువ చాలు."

"ఎంత తక్కువ?" అని అడిగాడు పెయింటర్.

"నేను చెప్పలేను."

రెండు వారాలు పిచ్చుక రోజుకి నాలుగుసార్లు, ఊపిరి బలం కొలిచే ఒక గొట్టంలో ఊది అంకెలు రాసుకుంది. పనిరోజుల్లో అంకెలు పడిపోయాయి, సెలవుల్లో లేచాయి. షెడ్డు మానేసి కళ్లద్దాల దుకాణంలో చేరింది. నెలన్నర గడిచింది. పిల్లికూతలు తగ్గాయి. అక్క మొహం తేటపడింది.

షెడ్డులో మాత్రం రంగులు కలవలేదు. ఒక తెల్ల కారు రెండుసార్లు వెనక్కి వచ్చింది. పెయింటర్ ఫోన్ చేస్తే పిచ్చుకే ఉపాయం చెప్పింది. తను షెడ్డులో అడుగు పెట్టదు, డబ్బా ముట్టదు. మావయ్య రేకు ముక్కల మీద రంగు కొట్టి ఇంటికి తెస్తే, చూసి ఏది తక్కువైందో చెబుతుంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నమే నాలుగు రేకుల మీద హార్డెనర్ కలిపిన పూత వేశాడు. వేలితో తాకి చూశాడు, అంటుకోలేదు. వాసనా లేదు. పని బట్టల్లోనే కారెక్కాడు.

పిచ్చుక రేకుల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. మొదటిది చూసి పసుపు ఎక్కువైందంది. రెండోదాన్ని కళ్లకి దగ్గరగా పట్టి, పక్కవాటుగా వంచి, మెరుపు చూసింది.

"ఇదే మావయ్యా. కొంచెం నలుపు..."

మాట పూర్తి కాలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. అక్క ఇన్‌హేలర్ తెచ్చింది. రెండు పీల్పులు, తర్వాత ఇంకో రెండు. భుజాలు పైకి లేస్తున్నాయి గానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదవుల రంగు మారింది.

పెయింటర్ ఆమెని ఎత్తుకోబోయాడు. "కారు కిందే ఉంది, పదండి."

"ముట్టుకోకు," అంది అక్క. "నువ్వూ వద్దు, నీ కారూ వద్దు. బయటికి పోయి టాక్సీ పిలువు."

అతను రేకుల్ని చొక్కాలో చుట్టుకుని పరిగెత్తాడు. మలుపు దగ్గర టాక్సీ దొరికింది. డ్రైవర్ పక్కన కూర్చోబోయి, తన చేతులు చూసుకుని, తలుపు వదిలేశాడు. ఇంటి నంబరు చెప్పి వెనక పరిగెత్తాడు. వాళ్లిద్దర్నీ మెట్ల మీదనుంచి దింపి వెనక సీట్లో కూర్చోబెట్టింది డ్రైవరే. పెయింటర్ రోడ్డుకి అవతలి పక్క నిలబడ్డాడు.

టాక్సీ కదిలింది. పిచ్చుక తల అద్దానికి ఆని ఉంది. ఆమె ఊపిరి అద్దం మీద ఆవిరై కనిపిస్తుందేమోనని అతను చూశాడు. బండి మలుపు తిరిగేదాకా ఏమీ కనిపించలేదు.