బెంచీలు లేవని శనివారం

డెల్ఫీన్ ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు విప్పని సంగతి ఒకటుంది. మదర్ వెర్లీన్ పాటలోంచి ప్రాణం తీసేసింది తనే. తెలియక చేసిన పని కాదు. కుర్చీ కిందికి దిగడం కళ్ళారా చూస్తూనే చేసింది.

ఆ మాట కడుపులో పెట్టుకునే శనివారం పొద్దున చీపురు పట్టుకుని గిలియాద్ చర్చికి వచ్చింది.

అమెరికాలోని మెంఫిస్‌లో ఆ వీధివాళ్ళకి శనివారమంటే చర్చి ఊడ్చే రోజు. ముప్పై రెండు ఓక్ బెంచీలు. ఒక్కోటి కదపాలంటే నలుగురు మగాళ్ళు కావాలి. కానీ ఎవరూ కదిపేవాళ్ళు కాదు. చర్చిలో అందరూ మదర్ అని పిలిచే పెద్దావిడ వెర్లీన్ ముందు వరసలో చెప్పులు విడిచి నిలబడి, పాటలో ఒక వాక్యాన్ని గబగబా మాటల్లో అందించేది. పుస్తకం లేదు, పియానో లేదు. తక్కినవాళ్ళు ఆ వాక్యాన్ని అందుకుని ఊపిరి ఉన్నంతసేపు సాగదీసేవాళ్ళు. రెండో వాక్యానికల్లా బెంచీలు నేల వదిలి బెత్తెడు ఎత్తు లేచేవి. అందరూ వంగి కింద ఊడ్చేసుకునేవాళ్ళు. పిప్పరమెంటు కాగితాలు, హెయిర్‌పిన్నులు, ఒకసారి సిస్టర్ లుబర్తా కట్టుడుపళ్ళు కూడా దొరికాయి.

పాట అయిపోయాక పెదాలు మూసి మూలిగేవాళ్ళు. ఆ మూలుగు మీదే బెంచీలు మెల్లగా దిగాలి. ఠక్కున ఆపితే దబ్బున పడతాయి. కొత్తగా వచ్చిన పాస్టర్ ఒకాయన మూలుగు మధ్యలో ప్రార్థన అందుకుని ఆరు బెంచీల కాళ్ళు విరగ్గొట్టాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ తొందరపడలేదు.

మదర్ వెర్లీన్‌ది తీయటి గొంతని ఎవరూ అనరు. నలభై ఏళ్ళు ఆస్పత్రి లాండ్రీలో ఆవిరి మధ్య దుప్పట్లు ఉతికిన గొంతు అది. స్వరం మీదికి తిన్నగా వెళ్ళదు. చుట్టూ తిరిగి, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, పోయినవాళ్ళందర్నీ పేరుపేరునా తలుచుకుని అప్పుడు లోపల అడుగు పెడుతుంది. ఆ నిలబడ్డ కాసేపట్లోనే వినేవాడి గుండె కరిగిపోతుంది. ఆవిడ పాడుతుంటే మనకి ఏం జరిగిందో ఆవిడకి ముందే తెలుసనిపిస్తుంది. తెలిసి కూడా మనల్ని ఏమీ అననట్టు అనిపిస్తుంది.

పోయిన వసంతంలో ఒక పాప్ గాయని మనుషులు వీడియో కోసం చర్చి అద్దెకి తీసుకున్నారు. మూడు రోజులు లైట్లు, పొగ. పెట్టెలోంచి పాట వస్తుంటే ఆ అమ్మాయి నోరు తెరిచి మూసింది. ఒక్క మేకు కదల్లేదు.

"ఆ పిల్లకీ గొంతు ఉండే ఉంటుంది పాపం," అన్నాడు అప్పట్లో చర్చి పెద్ద డీకన్ ఓజెల్. "విననిస్తే కదా."

డెల్ఫీన్ తల వంచుకుంది. అలాంటి గొంతుల్ని సాపు చెయ్యడమే ఆమె ఉద్యోగం. ఎవరూ నేర్పలేదు. పాత కంప్యూటరు ముందు కూర్చుని తనే నేర్చుకుని, ఇరవై ఆరేళ్ళకే ఊళ్ళో పెద్ద స్టూడియోలో కుర్చీ సంపాదించింది.

ఆ కుర్చీయే తర్వాత కిందికి దిగింది. మదర్ వెర్లీన్ గొంతులో గడ్డ ఉందని తేలింది. ఈ వచ్చే సోమవారమే ఆపరేషన్. మాట వస్తుంది గానీ పాట సంగతి చెప్పలేమన్నాడు డాక్టరు. అందుకని పోయిన నెల చర్చివాళ్ళు డెల్ఫీన్‌ని అడిగారు. ఆమె రెండు మైకులు తెచ్చి రికార్డు చేసింది. స్టూడియోలో మొదటిసారి వేసుకుని వింటే కుర్చీ ఆమెతో సహా లేచింది. కాళ్ళు గాల్లో ఆడించుకుంటూ కాఫీ తాగింది.

తర్వాత చేతులు వాటి పని అవి మొదలుపెట్టాయి. ఊపిరి చప్పుడు తీసేసింది. వంకరపోయిన స్వరం తిన్నగా చేసింది. వణుకు ఇస్త్రీ చేసింది. అలవాటు అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ నిజం అది కాదు. స్టూడియోలో వాళ్ళు విని నవ్వుతారేమోనని భయపడింది. మదర్ వెర్లీన్ గొంతుని చూసి ఆమె సిగ్గుపడింది. చివర మూలుగు తెర మీద వట్టి రొదలా కనిపిస్తే కత్తిరించేసింది. కుర్చీ కొంచెం కొంచెంగా దిగి కాళ్ళు నేలకి ఆనాయి. చూసింది. చూసి సేవ్ నొక్కింది. తర్వాత అసలు రికార్డింగు కూడా ఉంచుకోకుండా చెరిపేసింది.

ఇవాళ మదర్ వెర్లీన్ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంటే, ఆవిడ బదులు చర్చిలో స్పీకరు పెట్టారు. సిస్టర్ లుబర్తా చీపురు సిద్ధంగా పట్టుకుంది. పాట మొదలైంది. గొంతు గాజులా నున్నగా ఉంది. మొదటి వాక్యం. రెండోది. మూడోది. బెంచీలు ఎక్కడివక్కడే.

"వానలకి నేల ఉబ్బిందేమో," అంది లుబర్తా.

"బెంచీలక్కూడా మనలాగే మోకాళ్ళ నొప్పులొచ్చాయి," అన్నాడు డీకన్ ఓజెల్. "ఏం పరవాలేదు తల్లీ, పాట చాలా శుభ్రంగా ఉంది."

శుభ్రంగా. తను చేసింది గుర్తు రావడానికి ఆ ఒక్క మాట చాలు ఆమెకి. డెబ్బై నాలుగేళ్ళ ఓజెల్ కర్ర పక్కన పెట్టి, మూలుగుతూ మోకాళ్ళ మీద వంగి, ముందు బెంచీ కింద చెయ్యి పెట్టి చెత్త లాగుతున్నాడు. డెల్ఫీన్ వెళ్ళి స్పీకరు ఆపేసింది.

ఏం చెయ్యబోతోందో ఆమెకే తెలియదు. నోటికి వచ్చిన వాక్యాన్ని గబగబా అందించింది: "కాలికి నేల దొరికేదాకా చెయ్యి వదలకు ప్రభువా." గొంతు జీరపోయింది, మధ్యలో చిట్లింది. లుబర్తా ఒక్క క్షణం చూసి అందుకుంది. ఇద్దరూ కలిసి సాగదీశారు. డెల్ఫీన్ స్వరం వెతుక్కుంటూ పక్కకి వెళ్ళింది. దాన్ని తిన్నగా లాగలేదు. అలాగే వదిలేసింది.

ముందు బెంచీ కిర్రుమని ఎడమ పక్క మాత్రం లేచింది.

"ఒక పక్కే లేచింది పిల్లా!" డీకన్ ఓజెల్ అరిచాడు. "నా చెయ్యి కింద ఉంది! ఆపకు, మూలుగు, మూలుగు!"

డెల్ఫీన్ పెదాలు మూసింది. తను కత్తిరించి పారేసిన చప్పుడు ఇప్పుడు తన ఛాతీలోంచే రావాలి. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే మూలిగింది. డీకన్ ఓజెల్ తాపీగా రెండు కాగితాలూ, ఒక బొత్తామూ ఏరుకుని మరీ చెయ్యి తీశాడు. బెంచీ పిల్లి దిగినట్టు దిగింది.

"ఎవరు నేర్పారు?" అన్నాడు, గోడ పట్టుకుని లేస్తూ.

"ఎవరూ నేర్పలేదు."

"తెలుస్తూనే ఉంది," అంది లుబర్తా. "కుంటి గుర్రంలా లేచింది."

"లేచింది కదమ్మా," అన్నాడాయన. తర్వాత స్పీకరు వంకా డెల్ఫీన్ వంకా మార్చి మార్చి చూశాడు. బొత్తాం ఆమె చేతిలో పెట్టాడు. "సోమవారానికి ఇంకా రెండు రోజులున్నాయి. రెండో పక్క ఎలా లేపాలో ఆవిడకే తెలుసు."

డెల్ఫీన్ ముందు బెంచీ మీద కూర్చుంది. ఎడమ కోడు ఇంకా పూర్తిగా ఆనలేదు, వెంట్రుకవాసి ఊగుతోంది. ఫోను తీసింది. నేర్పమని అడగడానికి ముందు చెరిపేశానని చెప్పాలి. చెరిపేశానని చెప్పడానికి ముందు సిగ్గుపడ్డానని చెప్పాలి. ఆ వరస మార్చడానికి వీల్లేదు.

చెప్పులు విడిచి, అరికాళ్ళు నేలకి ఆనించి, మదర్ వెర్లీన్ నంబరు నొక్కింది.