అప్పగించిన ఓటు

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే వెనక నుంచి మొగుడి మాట వినిపించింది.

"గుండీల గురించి ఎవరు చదువుతారే? నాణెం గురించి రాయి. మావాళ్ళు ఓట్లేసి పైకెత్తుతారు."

నాణెమంటే చేత్తో పట్టుకునేది కాదు, ఆయన పొద్దస్తమానం చూసే బ్లాగుల సైటులో నడిచే బ్లాక్‌చెయిన్ నాణెం. ఎవరి దగ్గర ఎన్ని నాణేలుంటే వాళ్ళ ఓటుకు అంత బరువు. "దీనికి యజమానంటూ ఎవడూ లేడు, అందరూ సమానమే," అని మొదట్లో ఊదరగొట్టాడు. ఆమె గుండీలూ దారాలూ అమ్మే కొట్టు నడుపుతుంది. బరువును బట్టి మాట చెల్లేచోట సమానమేమిటని అప్పుడే అనుమానపడింది. అయినా కొట్టు లాభంతో నాణేలు కొన్నది, వాటి ఓటు ఆయన ఖాతాకు అప్పగించింది. "నీకు తీరికెక్కడిది, నేను చూసుకుంటాలే," అన్నాడు కదా. "మగాడు చూసుకుంటానంటే ఇంకేం కావాలమ్మా," అని అత్తగారు వంత పాడింది. వంటకూ, కొట్టుకూ, అత్తగారి మందులకూ తీరికెక్కడిదని మాత్రం ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ముందురోజు ఆమె రాసింది కొట్టుకు వచ్చే ఒకావిడ గురించి. ఇంటిల్లిపాది చొక్కాలకూ రంగు కలిసే గుండీలు ఏరుకుని, తన కోటుకు మాత్రం పిన్నీసు పెట్టుకుని వెళ్ళిపోయే ఆవిడ. ఓట్లు పడక ఆ రాత అడుక్కి పోయింది. "నా కోటుకూ పిన్నీసే అక్కా," అని ఒక్క నర్సు పలికింది, అంతే.

సరే, ఆయన మాటే చూద్దామని నాణెం ధర పెరుగుతుందంటూ నాలుగు ముక్కలు గిలికింది. సాయంత్రానికల్లా మొదటి పేజీలో కూర్చుంది. కింద మెచ్చుకోళ్ళన్నీ ఆయనకే: "బావగారి శిక్షణ అదిరింది!" ఆ పేజీ నిండా అదే గుంపు, ఒకరినొకరు ఎత్తుకోవడమే పని. కొట్టంతా ఒకే రంగు దారం నింపి అన్ని రంగులూ దొరుకుననే బోర్డు కట్టినట్టుంది. ఆ వారమంతా గల్లాపెట్టె దగ్గర కుదురుగా కూర్చోలేకపోయింది.

మళ్ళీ ఆయన చొక్కాలు ముందేసుకున్న పొద్దున, పని ఆపి ఫోను తెరిచింది. నర్సు కొత్తగా ఏదో రాసినట్టుంది, ఆ రాత ఉండాల్సినచోట బూడిదరంగు పట్టీ. వ్యతిరేక ఓటు బరువుకి మూతపడిందట. పట్టీ నొక్కితే తెరుచుకుంది: 'ఇక్కడ నాణెం ముచ్చట తప్ప మరేదీ పైకి రాదేం?' ఓటు వేసినవాళ్ళ పేరు దాచే వీల్లేదు ఆ సైటులో. చూస్తే మొగుడి ఖాతా. ఆ బరువులో ముప్పాతిక తనది.

"ఆ నర్సును తొక్కింది మీరా?"

"నాణెం పరువు తీస్తే ఊరుకుంటామా? అందరం అనుకునే చేశాం."

"అనుకున్నది మీరు. తొక్కింది నా కాలితో."

"అబ్బా, దాన్ని పెద్దది చెయ్యకు. చొక్కా కానియ్యి, టైమవుతోంది."

ఆమె ఇస్త్రీపెట్టె స్విచ్చు తీసేసింది. ఫోనులో అప్పగింత రద్దు చేసింది. ఆయన ఖాతాలోంచి వెంటనే పోయినా, ఓటు తన చేతికి రావడానికి కొన్నాళ్ళు పడుతుందని చూసి, నర్సు రాత కింద, 'కాస్త ఓపిక పట్టు చెల్లీ, వస్తున్నా,' అని రాసింది.

ఆయన ఫోను మోగింది. చూసి అదిరిపడ్డాడు.

"ఏం చేశావే? పావువంతే మిగిలింది! ఇక మావాళ్ళలో నన్నెవడు లెక్కచేస్తాడు? నా బరువంతా ఏమైపోవాలి?"

"మీ బరువెక్కడికీ పోలేదండీ," అంది. "మీదెంతో ఇవాళే తేలింది."