ఆరో వీధి సీసా

సోమవారం పొద్దున, ఇళ్ళలో స్నానాలూ బట్టల ఉతుకుళ్ళూ జోరుగా సాగే వేళకి, ఒక మనిషి వీధివీధికీ వస్తాడు. మ్యాన్‌హోల్ మూత ఎత్తి, తాడు కట్టిన చిన్న బకెట్టు దింపి, మురుగునీళ్ళు సీసాలో పట్టి, దానిమీద వీధి నంబరు రాసి ఐసుపెట్టెలో పెట్టుకుపోతాడు. అతన్ని చూసి మనం ముక్కు మూసుకుంటాం, కిటికీ కూడా మూసుకుంటాం. ఆ సీసా ల్యాబుకి ఎందుకు వెళుతుందో ఏనాడూ అడగం. జబ్బు మనిషిలో బయటపడకముందే మురుగులో కనబడుతుందని మనకెవరూ చెప్పలేదు. చెప్పినా మనం వినే రకమా?

అతనికి తల్లి తర్వాత తల్లిలాంటిది సొంత అక్క. చిన్నప్పుడు చంకనేసుకుని పెంచింది. ఆమె కొత్తగా ఆరో వీధిలో కాపురం పెట్టి, ఇరుగుపొరుగుతో "మా తమ్ముడికి ల్యాబులో ఉద్యోగం" అని చెప్పుకుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు, సగం నిజం. మిగతా సగం ఆమె గేటు ముందే ఇనపమూత కింద ఉంది.

"ఒరేయ్, నీకు పుణ్యముంటుంది," అంది ఒకరోజు వంటింట్లో గొంతు తగ్గించి. "మా గేటు ముందు ఆ మూత ఎత్తకురా. నలుగురూ చూస్తే నాకు తల కొట్టేసినట్టవుతుంది."

"అది నా పని అక్కా."

"పక్క వీధిలో పట్టుకో. కంపు ఎక్కడిదైనా కంపే కదా!"

అతను నవ్వాడు గానీ మనసు చివుక్కుమంది. అయినా అక్క మాట జవదాటి ఎరగడు. ఆ సోమవారం ఐదో వీధిలోనే రెండు సీసాలు నింపి, ఒకదానిమీద ఆరు అని రాశాడు. తర్వాతి రెండు సోమవారాలూ అంతే.

మేనకోడలికి నాలుగేళ్ళు. "సీసాల మామయ్యా!" అంటూ ఒంటికాలిమీద గెంతుకుంటూ గేటు దాకా ఎదురొచ్చేది. నాలుగో వారం దానికి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ కుడికాలు లేవలేదు. డాక్టరు పోలియో అన్నాడు. ఇల్లు మారే హడావిడిలో పిల్లకి చుక్కలమందు తప్పిపోయిన సంగతి తల్లికి అప్పుడు గుర్తొచ్చింది.

ల్యాబు పెద్దావిడ కాగితాలు తిరగేసి తెల్లబోయింది. "ఆరో వీధి నీళ్ళలో మూడు వారాలూ ఏమీ లేదే! ఇదెలా జరిగింది?"

"అవి ఆరో వీధివి కావు మేడం, ఐదో వీధివి," అన్నాడు అతను.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త నయంగా ఉండేది.

"క్రిమి ముందు మురుగులో తేలుతుంది నాయనా. పిల్లల కాళ్ళు పడిపోయేది ఆ తర్వాత. మధ్యలో దొరికే ఆ నాలుగు రోజుల్లోనే మనం ఇంటింటికీ వెళ్ళి మందు వేయగలం. ఆ నాలుగు రోజులూ నీ చేతిలో పెట్టాం."

ఆ పూటే అక్క గేటు ముందు మూత ఎత్తారు. ఆ నీళ్ళలో క్రిమి దొరికింది. వీధిలో పిల్లలందరికీ చుక్కలమందు వేశారు. ఇంకెవరి పిల్లకీ ఏమీ కాలేదు. అందుకు సంతోషించాలి నిజమే, ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ చేతకాలేదు.

మళ్ళీ సోమవారం వచ్చింది. గేటు ముందు నిలబడ్డాడు గానీ అతను మూత ఎత్తలేదు. పిల్లని చంకనేసుకుని అక్క బయటికొచ్చింది. ఎదురింటి కిటికీలు తెరిచే ఉన్నాయి.

"ఎత్తరా," అంది. ఆ తర్వాత కిటికీల వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "వీడు నా సొంత తమ్ముడు. చేసేది ఈ పనే. నేనే చెయ్యనివ్వలేదు," అని భోరుమంది.

"అమ్మా, నన్ను దించు. మామయ్య దగ్గరికి గెంతుతా," అంది పిల్ల.

ఆమె దించలేదు.

అయ్యా, అమ్మా, మన మురుగు మోసే మనిషిని చూసి మనం సిగ్గుపడినంత కాలం, జబ్బు మన వీధిలోనే హాయిగా కాపురం చేస్తుంది.